మొటిమలు తగ్గినా మచ్చలు పోవడం లేదు: బెంగళూరులో ఉన్నవాళ్ళు చెప్పండి

బీటీఎం విద్య
జనవరి 28, రాత్రి 11:10

అందరికీ నమస్కారం. నాకు 25 ఏళ్ళు. మాది అనంతపురం. మూడేళ్ళుగా బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో పీజీ హాస్టల్లో ఉంటూ బెళ్ళందూరులో ఉద్యోగం చేస్తున్నాను. ఊళ్ళో ఉన్నప్పుడు పండగకో పబ్బానికో ఒక మొటిమ వచ్చేది. ఇక్కడికి వచ్చిన రెండో ఏడాది నుంచి దవడ వెంట, బుగ్గల మీద గుంపులుగా రావడం మొదలైంది. ఈ మధ్య కాస్త తగ్గాయి గానీ, వచ్చిన ప్రతి మొటిమా తన గుర్తు వదిలే వెళ్ళింది.

నిన్న రాత్రి స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి లెక్కపెట్టాను. ఎడమ బుగ్గ మీద 17, కుడి బుగ్గ మీద 11. ఎక్కువ భాగం కాఫీ పొడి రంగులో ఉన్నాయి. దవడ దగ్గర నాలుగు మాత్రం బూడిద కలిసిన నలుపు. వేలితో తడిమితే నున్నగానే తగులుతున్నాయి, గుంటలు లేవు.

ఇప్పటిదాకా నిమ్మరసం, తేనె రాశాను. ఆక్రోటు పొడి ఉన్న స్క్రబ్‌తో రుద్దాను. విటమిన్ సి సీరం ఒకటి కొన్నాను. రూమ్మేట్ ఇచ్చిన క్రీము ఒకటి ఐదు నెలలుగా వాడుతున్నాను. ఆ క్రీము రాసిన పది రోజుల్లోనే ముఖం అద్దంలా మెరిసింది. రెండు రోజులు మానేస్తే చాలు, ముఖమంతా ఎర్రబడి మంట, మళ్ళీ మొటిమలు. అందుకే మానలేకపోతున్నాను.

మే చివర్లో అక్క పెళ్ళి. నాలుగు నెలల్లో ఈ మచ్చలు పోతాయా? పోయిన వాళ్ళు ఎవరైనా ఉంటే ఏం చేశారో చెప్పండి.

సర్జాపూర్ నవీన్
జనవరి 28, రాత్రి 11:46

విద్య గారూ, నిమ్మరసం ఎందుకు మానేశారు? మా నాన్నమ్మ కాలం నుంచి మా ఇంట్లో అదే వాడతాం. నిమ్మలో ఉన్నది సహజమైన ఆమ్లమే కదా, షాపుల్లో వందలు పోసి కొనే సీరంలో ఉన్నదీ ఆమ్లమే. రోజూ పొద్దున పది నిమిషాలు రాసి కడిగేయండి. రెండు నెలలు ఓపిక పట్టండి.

మందుల షాపు మురళి
జనవరి 29, ఉదయం 7:20

విద్యా, తొమ్మిదేళ్ళుగా మడివాళలో మందుల షాపులో పనిచేస్తున్నాను. నువ్వు చెప్పిన ఆ మెరుపు, మానగానే మంట, ఆ కథ కౌంటరు ఇవతల నుంచి నాకు బాగా తెలుసు. సాయంత్రం ఆరు దాటితే పీజీ పిల్లలు వస్తారు, ఫోనులో ట్యూబు ఫోటో చూపించి "ఇదే ఇవ్వండి" అంటారు. డాక్టరు చీటీ ఉండదు. మా షాపులో ఇవ్వం. కానీ నాలుగు అడుగులు వేస్తే ఇచ్చే చోటు దొరుకుతుంది.

నువ్వు ఇప్పుడే ఆ ట్యూబు తిప్పి వెనక ఉన్న చిన్న అక్షరాలు చదువు. మోమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసోల్, ఫ్లూసినోలోన్: వీటిలో ఏ ఒక్క పేరు ఉన్నా అది స్టెరాయిడ్. ముందు వైపు పువ్వుల బొమ్మ ఉన్నా, అందమైన పేరు ఉన్నా అది మందే, సౌందర్య సాధనం కాదు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్ కింద చేర్చింది. అయినా జనం ముఖానికి రాసుకునే క్రీములాగే వాడుతున్నారు. పెళ్ళికి ముందు ఒకరు, ఉద్యోగం ఇంటర్వ్యూకి ముందు ఒకరు. ఆరు నెలల తర్వాత అదే మనిషి ముఖానికి దుపట్టా చుట్టుకుని వచ్చి "ఏదైనా మందు ఉందా అన్నా" అని అడిగితే నాకు కడుపులో దేవినట్టు అవుతుంది.

బీటీఎం విద్య
జనవరి 29, ఉదయం 8:05

మురళి అన్నా, చదివాను. మూడు పేర్లు ఉన్నాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటాసోన్. ఐదు నెలలు రోజూ రాత్రి ముఖమంతా రాశాను. ఇప్పుడు బుగ్గల మీద సన్నటి ఎర్రటి నరాలు కూడా కనిపిస్తున్నాయి, అవి ఎండ వల్ల అనుకున్నాను. ఇవాళ్టి నుంచే మానేయనా?

జయనగర్ చర్మవైద్యురాలు
జనవరి 29, మధ్యాహ్నం 2:30

విద్యా, భోజనం విరామంలో రాస్తున్నాను, కొంచెం పొడవుగానే రాస్తాను. ఇది చీటీ కాదు, నిన్ను చూడకుండా చీటీ రాయను. విషయం అర్థం కావడానికి మాత్రమే.

నీ మచ్చలు గుంటలు కావు. వేలికి నున్నగా తగులుతున్నాయంటే చర్మం నిర్మాణం చెడలేదు, రంగు మాత్రమే మిగిలింది. మొటిమ అంటే ఒక చిన్న వాపు. ఆ వాపు దగ్గర వెలువడే రసాయనాలు పక్కనే ఉన్న మెలనోసైట్లు అనే రంగు కణాలను రెచ్చగొడతాయి. అవి అవసరానికి మించి రంగు తయారుచేసి చుట్టూ ఉన్న కణాలకు పంచుతాయి. మన చామనఛాయ ఒంట్లో ఈ కణాల సంఖ్య తెల్లవాళ్ళ కంటే ఎక్కువేమీ కాదు, చురుకు మాత్రం ఎక్కువ. అందుకే వాళ్ళకు మొటిమ తర్వాత ఎర్రటి గుర్తు మిగిలితే మనకు గోధుమ రంగుదో నల్లదో మిగులుతుంది.

నువ్వు చెప్పిన కాఫీ పొడి రంగు మచ్చల్లో రంగు చర్మం పై పొరలోనే ఉంది. ఆ పొర నాలుగు నుంచి ఆరు వారాలకోసారి కొత్తదవుతుంది. కొత్త రంగు వచ్చి చేరకపోతే పాతది కొన్ని నెలల్లో పలచబడి పోతుంది. బూడిద కలిసిన ఆ నాలుగింటిలో రంగు కింది పొరలోకి జారింది. అక్కడ భక్షక కణాలు దాన్ని మింగి పట్టుకుని కూర్చుంటాయి. వాటికి ఏడాది పట్టవచ్చు, అంతకంటే ఎక్కువా పట్టవచ్చు. క్రీముల బలం అక్కడిదాకా అంతగా పారదు. ఆ నాలుగు మొటిమలనూ నువ్వు గట్టిగా చిదిమి ఉంటావని నా అనుమానం. చిదిమితే లోపలి చీము సగం బయటికి, సగం లోపలికి పోతుంది. లోపలికి పోయిన సగమే మచ్చను కిందికి దింపుతుంది. పక్కు కట్టాక పీకినా అంతే.

కాబట్టి మచ్చకు మొదటి మందు, కొత్త మొటిమ రాకుండా చూసుకోవడం. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు: మొటిమలు వస్తూనే ఉంటాయి, వాళ్ళు మచ్చల క్రీము రాస్తూనే ఉంటారు. కుళాయి కట్టకుండా నేల తుడిచినట్టు.

ఇక నీ క్రీము. ఆ మూడు మందుల కలయిక చెడ్డది కాదు. మంగు మచ్చలకు మేమే రాస్తాం, కొన్ని వారాలకు, మచ్చ ఉన్న చోటే, మధ్యలో చూసుకుంటూ. ముఖమంతా నెలల తరబడి రాస్తే స్టెరాయిడ్ చర్మాన్ని పలచన చేస్తుంది, నరాలు పైకి తేలుతాయి, మొటిమలు తానే పుట్టిస్తుంది. రంగు తగ్గించే హైడ్రోక్వినోన్ కూడా లెక్క లేకుండా ఏళ్ళ తరబడి వాడితే ఓక్రోనోసిస్ అనే మొండి నలుపు వస్తుంది, అది ఏ మందుకూ సరిగా లొంగదు. నువ్వు ఒక్కసారిగా ఆపితే ముఖం మండిపోతుంది, భయపడి మళ్ళీ రాస్తావు. ఎలా ఆపాలో చర్మవైద్యులే ఎదురుగా చూసి చెప్పాలి. ఈ వారంలోనే వెళ్ళు. ఇంకొక ప్రశ్న: నెలసరి క్రమంగా వస్తోందా? దవడ వెంట మొటిమలు అన్నావు కనుక అడుగుతున్నాను.

ఈలోపు స్క్రబ్, నిమ్మరసం, సీరం అన్నీ పక్కన పెట్టు. మృదువైన ఫేస్‌వాష్, సువాసన లేని మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, అంతే. బెంగళూరు చల్లగా ఉంటుంది కదా అని ఇక్కడ ఎవరూ సన్‌స్క్రీన్ రాయరు. ఈ ఊరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది, గాలి చల్లగా ఉన్నంత మాత్రాన ఎండ చల్లగా ఉండదు. ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాల తీవ్రతను చెప్పే యూవీ సూచిక మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాల్లో ఇక్కడ 10 దాటుతుంది, అంటే చాలా ఎక్కువ. వాటిలో యూవీఏ అనే రకం కిరణాలు క్యాబ్ అద్దంలోంచి కూడా వస్తాయి. ఎస్‌పీఎఫ్ 30 కానీ 50 కానీ తీసుకో. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకూ సరిపోతుంది. శనగగింజంత రాసుకుని పని చేయలేదనడం సరికాదు. ఎండలో తిరిగే రోజు రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. మన చర్మానికి కంటికి కనిపించే వెలుతురు కూడా రంగు పెంచుతుంది. ఐరన్ ఆక్సైడ్ ఉన్న లేతరంగు సన్‌స్క్రీన్లు దాన్ని కూడా కొంత ఆపుతాయి.

సర్జాపూర్ నవీన్
జనవరి 29, రాత్రి 9:15

డాక్టరు గారూ, నిమ్మరసం మానమన్నారు. కారణం తెలుసుకోవాలని ఉంది. వాదన కోసం కాదు, మా ఇంట్లో అందరం వాడుతున్నాం.

జయనగర్ చర్మవైద్యురాలు
జనవరి 29, రాత్రి 10:02

నవీన్, అడిగినందుకు సంతోషం. నిమ్మజాతి పండ్ల తొక్కలో, రసంలో ఎండ తగిలితే చురుక్కుమనే పదార్థాలు ఉంటాయి. ఆ రసం ఉన్న చర్మం మీద ఎండ పడితే కాలిన గాయం లాంటిది వచ్చి, మానాక నల్లటి చారలు మిగులుతాయి. దానికి తోడు దాని పులుపు చాలా ఘాటు, పీహెచ్ సుమారు 2. సీరంలో ఆమ్లం ఎంత ఉండాలో కొలిచి వేస్తారు, నిమ్మకాయలో ఎవరు కొలుస్తారు? మన చర్మానికి ఏ మంట పుట్టినా అది చివరికి నలుపుగానే తేలుతుంది. టూత్‌పేస్టు, వంటసోడా, పచ్చి వెల్లుల్లి, అన్నిటికీ ఇదే సమాధానం. పసుపు, శనగపిండి హాని చేయకపోవచ్చు, కానీ గరుకుగా రుద్దితే అదీ రాపిడే.

సర్జాపూర్ నవీన్
జనవరి 30, ఉదయం 6:50

రాత్రి ఇది చదివి అమ్మకు ఫోను చేశాను. ప్రతి ఏడాదీ నిమ్మకాయ పచ్చడి పెట్టే రోజుల్లో అమ్మ డాబా మీద కూర్చుని వంద కాయలు కోసి, రసం పిండి, ముక్కలు ఎండలో తిరగేస్తుంది. ఆ తర్వాత మణికట్టు నుంచి మోచేతి దాకా నీళ్ళు కారినట్టు నల్లటి చారలు ఉంటాయి, రెండు మూడు నెలలు పోవు. ఆవనూనె రాసి "నిప్పు సెగ తగిలింది" అనేది. ఇన్నేళ్ళూ మేం ఎవరం నిమ్మకాయను అనుమానించలేదు. విద్య గారూ, మొన్న నేను రాసింది తప్పు, దయచేసి పాటించకండి.

కోరమంగళ రమేశ్
జనవరి 30, ఉదయం 10:40

నాకు బుగ్గల కింద, గడ్డం పట్టీ తగిలే చోట మాత్రమే మొటిమలు, మచ్చలు. నుదురు శుభ్రంగా ఉంటుంది. రోజూ సిల్క్ బోర్డు మీదుగా గంటన్నర బండి మీదే. హెల్మెట్ వల్ల కావచ్చా?

జయనగర్ చర్మవైద్యురాలు
జనవరి 30, మధ్యాహ్నం 1:45

తప్పకుండా కావచ్చు. ఒత్తిడి, రాపిడి, చెమట మూడూ కలిసిన చోట ఇలాంటి మొటిమలు వస్తాయి. హెల్మెట్ మానవద్దు! లోపలి మెత్తలు ఊడదీయగలిగేవైతే వారానికోసారి సబ్బు నీళ్ళతో ఉతికి ఆరబెట్టండి. లోపల పలచటి నూలు తల తొడుగు వేసుకుని రోజూ మార్చండి. ఇల్లు చేరగానే ముఖం కడగండి. గడ్డం గీసుకునేటప్పుడు వెంట్రుక వాలుకు ఎదురు గీయకండి, అదీ మచ్చలకు ఒక దారి.

అన్నానగర్ పద్మ
జనవరి 31, సాయంత్రం 5:20

మేము చెన్నైలో ఉంటాం, నెల్లూరు నుంచి వచ్చి 22 ఏళ్ళు అయింది. ఈ చర్చ మా అమ్మాయి పంపించింది. బెంగళూరు పిల్లలకు ఒక విషయం చెప్పాలనిపించింది.

మా అమ్మాయికి ప్లస్ టూ చదివేటప్పుడు నుదుటి నిండా ఆవగింజల్లాంటి సన్న పొక్కులు వచ్చాయి. అన్నీ ఒకే సైజు, విపరీతమైన దురద. మొటిమలే అనుకుని మొటిమల క్రీములు రాయించాను. ఎవరో చెబితే యాంటీబయాటిక్ కూడా వేయించాను, ఇంకా పెరిగాయి. చివరికి చర్మవైద్యుడు చూసి ఇవి మొటిమలు కావు, చర్మం మీద ఉండే మలాసీజియా అనే ఒక రకం ఈస్టు వల్ల వచ్చే పొక్కులు అన్నారు. చెన్నై ఉక్కపోతలో, తలకు నూనె దట్టంగా పెట్టి జడ వేసుకునే పిల్లల్లో ఎక్కువట. కొబ్బరినూనె నుదుటి మీదికి కారకుండా చూడమన్నారు, ఈస్టును తగ్గించే కీటోకోనజోల్ అనే మందు రాయించారు. మూడు వారాల్లో తగ్గాయి. మచ్చలు పోవడానికి మాత్రం దీపావళి నుంచి ఉగాది దాకా పట్టింది. ప్రతి ఆదివారం నేనే కూర్చోబెట్టి అరచెయ్యి నిండా నూనె పోసి మర్దన చేసేదాన్ని. ప్రేమతో చేసిందే బిడ్డ నుదుటికి చేటు అయింది కదా అని చాలా రోజులు బాధపడ్డాను. ఇప్పుడు నూనె పెడితే తలస్నానానికి గంట ముందే పెడతాను.

ఇంకొకటి. నా నుదుటి మధ్యలో, పాపిట దగ్గర ఈ రెండేళ్ళలో నల్లబడింది. నాకు మొటిమలు ఎప్పుడూ లేవు. ఇదేమిటి?

జయనగర్ చర్మవైద్యురాలు
జనవరి 31, రాత్రి 8:30

పద్మ గారూ, మీరు ప్రేమతో చేశారు, తెలిసిన వెంటనే మార్చుకున్నారు. బాధపడకండి. మీ నుదుటి నలుపు విషయంలో కుంకుమ, తలకు వేసే రంగు రెండూ గుర్తు చేసుకోండి. వాటిలో ఏది ఒంటికి పడకపోయినా దురద లేకుండానే నెమ్మదిగా నలుపు రావచ్చు. ప్యాచ్ పరీక్ష, అంటే అనుమానం ఉన్న పదార్థాలను చర్మం మీద అతికించి చూసే పరీక్ష, చేస్తే తెలుస్తుంది. అలాగే మెడ వెనక మఖమల్‌లా దళసరిగా నల్లబడితే అది మురికి కాదు, ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు కావచ్చు. పీచుతో తోమితే పోదు. చక్కెర పరీక్ష చేయించుకోవాలి.

వైట్‌ఫీల్డ్ లావణ్య
ఫిబ్రవరి 2, రాత్రి 10:15

నా అనుభవం చెప్పకపోతే తప్పవుతుంది. నిరుడు పెళ్ళికి ముందు ఒక సౌందర్య కేంద్రంలో ఆరు సార్ల లేజర్ ప్యాకేజీ తీసుకున్నాను. ముందే మొత్తం డబ్బు కట్టించుకున్నారు. చేసినావిడ డాక్టరు కాదని తర్వాత తెలిసింది. నా చర్మం రంగు ఏమిటి, ముందు చిన్న చోట పరీక్షించి చూడాలా వంటివేవీ అడగలేదు. రెండో సారికి బుగ్గ మీద చిన్న చిన్న చతురస్రాల్లా కాలింది. ఆ చతురస్రాలు ఎనిమిది నెలలు ఉన్నాయి, పెళ్ళి ఫోటోల్లో కూడా. పోగొట్టుకుందామని వెళ్ళిన మచ్చలు వాటి కంటే చిన్నవి.

మా ఆయన ఏమీ అనలేదు. నేనే చాలా రోజులు వెలుతురు ఉన్న గదిలో కూర్చోలేకపోయాను. విద్యా, నాలుగు నెలల గడువు ఉంది కదా అని ఎవరైనా తొందర పెడితే లొంగవద్దు.

జయనగర్ చర్మవైద్యురాలు
ఫిబ్రవరి 3, మధ్యాహ్నం 2:10

లావణ్య, మనసు విప్పి చెప్పినందుకు కృతజ్ఞతలు. లేజర్ మన రంగు చర్మానికి కత్తి మీద సాము. ఆ వేడే ఒక వాపు, ఆ వాపు మళ్ళీ నలుపు. లేజర్‌ను నేను చివరి మెట్టుగానే చూస్తాను, అదీ కింది పొర మచ్చలకు, తక్కువ శక్తితో, ముందు చిన్న చోట పరీక్షించాకే.

పీల్స్, అంటే ఆమ్లం పూసి చర్మం పై పొరను ఊడేలా చేయడం, కొంత నయం. సాలిసిలిక్, గ్లైకోలిక్, మాండెలిక్ ఆమ్లాలతో పై పొరకు మాత్రమే చేసే పీల్ కొన్ని వారాల ఎడంతో చేస్తే పై పొర మచ్చలు త్వరగా పలచబడతాయి. అయితే మొటిమలు అదుపులోకి వచ్చాక, సన్‌స్క్రీన్ అలవాటయ్యాక, డాక్టరు చేతిలోనే. స్టెరాయిడ్ వల్ల పలచబడ్డ ముఖానికి ఇప్పుడు పీల్ చేయకూడదు, విద్య ఇది గమనించాలి. తెల్లబడటానికంటూ గ్లూటాథయోన్ ఇంజెక్షన్లు ఇస్తామని ఎవరైనా పిలిస్తే వెళ్ళవద్దు. మచ్చలకు వాటితో పని లేదు, ప్రమాదం మాత్రం ఉంది.

హొసూరు రోడ్డు గణేశ్
ఫిబ్రవరి 4, ఉదయం 9:00

నేను డిగ్రీ రెండో ఏడాది. నెలకు ముఖం మీద మూడు నాలుగు వందల కంటే పెట్టలేను. నాలాంటి వాళ్ళు ఏం చేయాలి? డాక్టరు ఫీజు కట్టాక మందుకు డబ్బు మిగలదు.

మందుల షాపు మురళి
ఫిబ్రవరి 4, రాత్రి 10:50

గణేశ్, శివాజీనగర్‌లో బౌరింగ్ ఆసుపత్రి ఉంది, ప్రభుత్వానిది, చర్మవ్యాధుల విభాగం ఉంది. పొద్దున్నే వెళ్ళి చీటీ తీసుకుని వరుసలో కూర్చోవాలి, అంతే. చెన్నైలో ఉన్నవాళ్ళకు సెంట్రల్ స్టేషన్ ఎదురుగా రాజీవ్ గాంధీ జనరల్ ఆసుపత్రి ఉంది. అక్కడ రాసిన మందు పేరు పట్టుకుని జన ఔషధి కేంద్రంలో అడుగు, అదే మందు వేరే పేరుతో తక్కువకు దొరకవచ్చు.

నా కౌంటరు అనుభవంలో చెబుతున్నాను: ఫేస్‌వాష్, సన్‌స్క్రీన్, డాక్టరు రాసిన ఒక్క మందు, ఈ మూడు ఉంటే చాలు. పది సీసాలు కొనేవాళ్ళ ముఖాలే నాకు ఎక్కువ ఎర్రగా కనిపిస్తాయి. డాక్టరు అడాపలీన్ అనే మొటిమల పూతమందు రాసిస్తే, రాత్రి ఆరిన ముఖానికి బఠాణీ గింజంత పెట్టు, ముఖమంతటికీ కలిపి. మొదట రోజు విడిచి రోజు. మొదటి వారాల్లో పొట్టు లేస్తుంది, మాయిశ్చరైజర్ ముందు రాసి ఆపైన రాయి. ఆడపిల్లలు గర్భం అనుకుంటే అడాపలీన్ వాడకూడదు, డాక్టరుకు ముందే చెప్పాలి. బెంజాయిల్ పెరాక్సైడ్ అనే ఇంకో మొటిమల మందు ఇస్తే తెల్ల దిండు గలీబు వేసుకో, రంగు బట్టలు వెలిసిపోతాయి. ఇది ముందే చెప్పలేదని నాతో గొడవపడిన వాళ్ళు ఉన్నారు.

మల్లేశ్వరం సుజాత
ఫిబ్రవరి 6, సాయంత్రం 7:35

నేను బడిలో టీచరును. తొమ్మిదో తరగతి పిల్లలు విరామంలో ఒకరి ముఖం ఒకరు చూసి మచ్చలు లెక్కపెట్టుకోవడం చూస్తుంటాను. అందుకే ఒక మాట.

మచ్చ పోవడం వేరు, తెల్లబడటం వేరు. మచ్చకు మందు వాడితే మచ్చ మన రంగులోకి కలుస్తుంది. మన రంగు మారదు, మారనక్కరలేదు. కానీ అంగట్లో ఈ రెండింటినీ కలిపి అమ్ముతారు, ఇంట్లో పెద్దవాళ్ళు కూడా కలిపే మాట్లాడతారు. ఆ కలగాపులగంలోనే పిల్లలు పేరూ ఊరూ లేని డబ్బాల జోలికి పోతున్నారు. 2023లో కేరళలోని మలప్పురంలో తెల్లబడే క్రీములు వాడిన కొందరికి మూత్రపిండాల జబ్బు వచ్చిందని డాక్టర్లు బయటపెట్టారు. ఆ క్రీముల్లో పాదరసం ఉంది. ముఖానికి రాసింది మూత్రపిండాన్ని పట్టుకుంది! ఇది నేను తరగతిలో చెప్పాను, పిల్లలు నిశ్శబ్దంగా విన్నారు.

విద్యా, అమ్మ అడిగినప్పుడు "డాక్టరుకు చూపించుకుంటున్నాను అమ్మా, ఇంత కాలం పడుతుంది" అని గడువు నువ్వే చెప్పు. రోజూ అడగడం దానంతట అదే తగ్గుతుంది.

బీటీఎం విద్య
మార్చి 15, ఆదివారం మధ్యాహ్నం 12:20

ఆరు వారాలయింది, అందరికీ చెప్పాలి.

చర్మవైద్యుడి దగ్గరికి ఫిబ్రవరి మొదటి వారంలోనే వెళ్ళాను. దీపాలు ఆర్పేసి ఊదారంగు వెలుతురు ఒకటి ముఖం మీద వేసి చేతికి అద్దం ఇచ్చారు. బుగ్గల మీద మచ్చలు మామూలు వెలుతురులో కంటే నల్లగా, అంచులు గీసినట్టు కనిపించాయి. నాకు తెలియని చిన్నవి ఇంకో పది బయటపడ్డాయి. దవడ దగ్గరి నాలుగు మాత్రం ఆ వెలుతురులో దాదాపు కనిపించలేదు. పైకి తేలి కనిపించేవి పై పొరవి, తేలనివి లోపలివి అన్నారు. ఇక్కడ మేడమ్ రాసింది సరిగ్గా అదే.

క్రీము ఆపించారు. మొదటి మూడు వారాలు నరకం. ముఖం ఎండుమిరపకాయ పూసినట్టు మండింది, దుపట్టా లేకుండా క్యాబ్ ఎక్కలేదు. రెండు సార్లు ట్యూబు చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాను. మూడోసారి కత్తెరతో కోసి చెత్తబుట్టలో పిండేశాను. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చారు, అవి వేసుకుంటే ఎండ ఇంకా ఎక్కువ తగులుతుందని గట్టిగా హెచ్చరించారు. ఇప్పుడు ఎరుపు చాలా తగ్గింది. నిన్నటి నుంచి రోజుకు ఒకసారి అజెలాయిక్ ఆమ్లం మొదలుపెట్టాను. మొటిమకూ మచ్చకూ రెండింటికీ పనిచేస్తుందట. రాసిన పది నిమిషాలు చీమలు పాకినట్టు ఉంటుంది.

నెలసరి ప్రశ్నకు కూడా సమాధానం దొరికింది. నాకు 45 రోజులకు, ఒక్కోసారి రెండు నెలలకు వచ్చేది. ఉద్యోగం ఒత్తిడి అనుకున్నాను. రక్తపరీక్షలు, స్కానింగ్ చేశారు, పీసీఓఎస్ అన్నారు, అంటే నెలసరినీ మొటిమలనూ ప్రభావితం చేసే హార్మోన్ల సమస్య. దానికి స్త్రీల వైద్యురాలి దగ్గర చికిత్స మొదలైంది. రెండేళ్ళుగా నేను బుగ్గకు మందు రాస్తున్నాను, మూలం ఇంకెక్కడో ఉంది.

మచ్చలు? అలాగే ఉన్నాయి. కానీ నెల రోజుల్లో కొత్త మొటిమలు రెండే.

జయనగర్ చర్మవైద్యురాలు
మార్చి 15, రాత్రి 9:40

ఆ రెండే అన్న మాట చదివి నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. ఇప్పుడిక పాత మచ్చలకు వెళ్ళే అవకాశం వచ్చింది. నెలకోసారి ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళలో ఫోటో తీసుకో. రోజూ అద్దంలో చూస్తే మార్పు తెలియదు.

బీటీఎం విద్య
మే 31, రాత్రి 10:30

అక్క పెళ్ళి అయిపోయింది. నిన్ననే అనంతపురం నుంచి వచ్చాను.

హాస్టల్ కిటికీ దగ్గర తీసిన నాలుగు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూశాను. ఎడమ బుగ్గ మీద 17కి ఇప్పుడు 6 కనిపిస్తున్నాయి, అవీ కాఫీ రంగు నుంచి పాలు ఎక్కువైన టీ రంగులోకి వచ్చాయి. కుడి వైపు 3. దవడ దగ్గరి నాలుగూ అక్కడే ఉన్నాయి, అంగుళం కదల్లేదు. ఇంకో ఏడాది చూద్దామన్నారు డాక్టరు. ఏప్రిల్ చివర్లో పరీక్షల హడావిడిలా ఆఫీసు పని వచ్చి, అలవాటుగా ఒక మొటిమ గిల్లాను. అది కుడి కణత దగ్గర కొత్త మచ్చగా ఉంది. అప్పటి నుంచి మొటిమ మీద హైడ్రోకొల్లాయిడ్ అతుకు, అంటే మొటిమను కప్పే చిన్న జిగురు పట్టీ, వేస్తున్నాను. వేలు దాని మీదికి వెళ్ళినా పట్టు దొరకదు.

పెళ్ళిలో మేకప్ ఆవిడ ముఖం తెల్లగా పూయబోతే నా రంగుకు సరిపోయేదే వేయమన్నాను. పెళ్ళిపీటల దగ్గర మధ్యాహ్నం ఎండ నేరుగా పడింది, తలంబ్రాల మధ్యలో కూడా చిన్నమ్మ చేత సన్‌స్క్రీన్ తెప్పించుకుని రాసుకున్నాను. అమ్మ చూసి ఏమీ అనలేదు. సాయంత్రం పందిట్లో జనం తగ్గాక నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "నాకూ కొంచెం రాయి, ఈ మంగు ఎన్నేళ్ళుగానో ఉంది" అంది. వచ్చే నెల అమ్మను బెంగళూరు తీసుకొస్తున్నాను, ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి వెళతాం.

హెబ్బాళ భార్గవి
జూన్ 2, ఉదయం 8:45

విద్య అక్కా, మొత్తం చదివాను. నాకూ అచ్చం ఇలాగే ఉంది. నా స్నేహితురాలు ఒక క్రీము ఇచ్చింది, వారం నుంచి రాస్తున్నాను, చాలా బాగా పనిచేస్తోంది. దాని ఫోటో పెట్టనా?

బీటీఎం విద్య
జూన్ 2, ఉదయం 8:52

భార్గవీ, ఫోటో వద్దు. ట్యూబు వెనక్కి తిప్పి, ఆ చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లన్నీ ఒక్కొక్కటిగా ఇక్కడ రాయి. నేను లైన్లోనే ఉన్నాను. ఇవాళ రాత్రి మాత్రం అది రాసుకోకు.